అవతలి నుంచి వచ్చిన ఓకే

ఆఫీసులో ఆమెను అందరూ లైనమ్మ అనేవాళ్ళు. మేనేజరు కూడా పొద్దున్నే తలుపు దగ్గర ఎదురైతే, "ఏం లైనమ్మా, ఇవాళైనా మీ లైను నోరు విప్పుతుందా?" అని పలకరించేవాడు. ఆ పేరు ఆమె అడిగి పెట్టించుకున్నది కాదు. నిజం చెప్పాలంటే ఆ లైను పని కూడా ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు.

అది ఆస్పత్రులకు మందులు, దూది, సూదులు, చంకకర్రలు పంపే గిడ్డంగి. కింద అంతా సరుకు, పైన ఒక వరుస గదులు. చివరి గదిలో బీరువా అంత కంప్యూటరు ఒకటి ఉండేది. గిడ్డంగిలో ఏ అరలో ఏముందో దానికి తెలుసు, ఎందుకంటే ఆ ప్రోగ్రాములన్నీ లైనమ్మే రాసింది. కానీ కొత్త సరుకు కావాలంటే ఆర్డరు వెళ్ళాల్సింది ఎక్కడో దూరాన ఉన్న హెడ్డాఫీసుకు, అక్కడున్న పెద్ద కంప్యూటరుకు. దాన్ని గిడ్డంగిలో ఎవరూ కళ్ళతో చూడలేదు. గది నిండా ఉంటుందని ఒకరు, కాదు అంతస్తు నిండా ఉంటుందని ఇంకొకరు అనేవారు. చూడనివాళ్ళకే అలాంటివి బాగా తెలుస్తాయి.

ఈ రెండు యంత్రాలకూ మధ్యవర్తి టైపు పిన్ని. నిజానికి ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్ని. ఆవిడ బల్ల మీద రెండు తెరలు. ఎడమ తెర గిడ్డంగి కంప్యూటరుది, కుడి తెర ఫోను తీగ మీద పెద్ద కంప్యూటరుకు కలిపింది, ఆ తీగనే లైను అనేవాళ్ళు. ఎడమ వైపు చదివి కుడి వైపు టైపు చేయడం ఆవిడ ఉద్యోగం. మెడ తిప్పీ తిప్పీ, ఇంట్లో కూడా కుడి వైపు కూర్చున్నవాళ్ళకే జవాబు చెబుతానని నవ్వేది.

ఒకరోజు మేనేజరు ఏదో సమావేశానికి వెళ్ళొచ్చాడు. రాగానే అందరినీ పిలిచాడు.

"అదీ కంప్యూటరే, ఇదీ కంప్యూటరే. మధ్యలో మనిషెందుకు? వాటికవే మాట్లాడుకుంటాయట."

"ఎవరన్నారు సార్?" అని అడిగింది లైనమ్మ.

"అందరూ అంటున్నారు. మనమే వెనకబడ్డాం."

ఆ గదిలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన వెంటనే దగ్గాడు. ఇంకొకాయన కిటికీలోంచి లారీలను చూడటం మొదలుపెట్టాడు. లైనమ్మ అప్పటికి కూతురి బడి బూట్లు బిగుతయ్యాయన్న సంగతి ఆలోచిస్తూ, అలవాటు కొద్దీ తల ఊపింది. ఆ ఊపుతో పని ఆమె నెత్తిన పడింది.

పిన్ని సాయంత్రం టీ కప్పుతో వచ్చి పక్కన కూర్చుంది. "అయితే నా కుర్చీ లాగేసే పని నీకిచ్చారన్నమాట."

"పిన్నీ, నేను..."

"లాగితే లాగావు గానీ, నేను లేచాక లాగు తల్లీ, నడుం విరుగుతుంది," అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నిజం నవ్వో కాదో లైనమ్మకు తెలియలేదు. అప్పటి నుంచి చాలా సంగతులు అలాగే, సగం తెలిసీ సగం తెలియకా సాగాయి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. పెద్ద కంప్యూటరు మర్యాదస్తురాలు కాదు. తెరా మీటలూ ముందు పెట్టుకుని కూర్చున్న మనిషితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. కాబట్టి లైనమ్మ రాసే ప్రోగ్రాము తానే ఒక తెరనని, తన ముందు ఒక మనిషి కూర్చుని టైపు చేస్తోందని దాన్ని నమ్మించాలి. అంటే పిన్ని వేషం కట్టాలి. దానికి హెడ్డాఫీసు వాళ్ళు ఇటుక లాంటి పుస్తకమొకటి పంపారు. తెలిసినవాళ్ళకు మళ్ళీ తెలిసేలా, తెలియనివాళ్ళకు ఎప్పటికీ తెలియకుండా రాసిన పుస్తకం అది.

మొదటిసారి తీగ కలిపి పలకరించినప్పుడు పెద్ద కంప్యూటరు జవాబిచ్చింది. కానీ ఆ జవాబు గాజు పెంకులు పారబోసినట్టుంది. అక్షరమూ లేదు, అంకే లేదు. లైనమ్మ ఫోను తీసి హెడ్డాఫీసు యంత్రం గదికి చేసింది. అక్కడి ఆపరేటరు గొంతు మెత్తగా, నిద్రలోంచి లేచినట్టుండేది. గిడ్డంగిలో అతన్ని "అవతలబ్బాయి" అనేవాళ్ళు.

"మా వైపు అంతా బాగానే ఉంది మేడమ్," అన్నాడు అవతలబ్బాయి.

"మరి ఇక్కడ చెత్త వస్తోందండీ."

"మా దగ్గర్నుంచి మంచిదే బయల్దేరింది మేడమ్."

దారిలో ఎవరు పాడుచేశారో తెలియక ఆమె వారం పాటు తీగనే అనుమానించింది. చివరికి తేలిందేమంటే, ఒక్కో అక్షరానికి ఇక్కడ ఒక అంకె గుర్తయితే అక్కడ ఇంకో అంకె గుర్తు. వాళ్ళ 'ఎ' మన 'ఎ' కాదు. ఒకటి నుంచి ఇంకోదానికి మార్చే పట్టిక రాసి పెట్టాక, తెర మీద మొదటిసారి చదవగలిగిన మాట కనబడింది. అది "మీరెవరు?" అన్న ప్రశ్న. లైనమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆమె భర్తది పళ్ళ సెట్లు తయారుచేసే పని. ఇంటి ముందు గదిలోనే బల్ల, చిన్న ఆకురాళ్ళు, మైనం ముద్దలు. ఆ సాయంత్రం ఎవరి పై పళ్ళ వరుసనో అరగదీస్తూ అడిగాడు.

"ఇంతకీ మీ ప్రోగ్రాము చెప్పింది అది విన్నట్టు నీకెలా తెలుస్తుంది?"

"ఆర్డరు రాసుకున్నాక ఓకే అని పంపుతుంది."

"అంటే చాలా? నువ్వు ఏం చెప్పినా నేను ఊ అంటాను కదా. అన్నీ విన్నట్టేనా?"

"నీ సంగతి నాకు తెలుసు. అది యంత్రం. వినకుండా అనదు," అంది లైనమ్మ.

ఆ ఓకే కూడా ఆమెను తిప్పలు పెట్టింది. ఒకసారి తెర పైవరుసలో వచ్చేది, ఇంకోసారి అడుగు వరుసలో. ఎప్పుడు ఎక్కడ వస్తుందో ఇటుక పుస్తకంలో లేదు. అవతలబ్బాయిని అడిగితే, "మా వైపు అంతా బాగానే ఉంది మేడమ్" అన్నాడు. విసిగిపోయి ఆమె ఒక ఉపాయం చేసింది. తెర మొత్తం మీద ఎక్కడైనా సరే 'ఓకే' కనబడితే ఆర్డరు చేరినట్టు, కనబడకపోతే చేరనట్టు. చేరకపోతే ప్రోగ్రాము మళ్ళీ పంపుతుంది. ఆ ఉపాయం తట్టిన రోజు ఆమె హుషారుగా నడిచి ఇంటికెళ్ళింది.

ప్రోగ్రాము పనిలో దిగింది. ఆర్డర్లు వాటంతటవే వెళ్ళడం చూసి మేనేజరు గది గదికీ తిరిగి చెప్పాడు. పిన్నిని ఆర్డర్ల పని నుంచి తప్పించి, పాత బిల్లుల వివరాలు వెతికే పని ఇచ్చారు. తెరలు రెండూ ఆవిడ దగ్గరే ఉన్నాయి గానీ మెడ తిప్పే పని తగ్గింది. "ఇప్పుడు నిటారుగా కూర్చుంటే మెడ నొప్పి పుడుతోందే," అంది.

అంతా సర్దుకుందనుకునేసరికి చంకకర్రలు దిగాయి. ఒక ఆస్పత్రి అడిగినన్ని వచ్చాయి, వాటి వెనకే మళ్ళీ అన్నే వచ్చాయి. స్టోర్ కీపరు మెట్లెక్కి వచ్చి, "ఏమ్మా, ఊరంతా కాళ్ళు విరగ్గొట్టుకుంటుందని నీకేమైనా కబురొచ్చిందా?" అన్నాడు. ఆ తరవాత రబ్బరు చేతితొడుగులు రెట్టింపు. తరవాత దూది. అన్నీ కాదు, ఏదో ఒకటి, అప్పుడొకటి ఇప్పుడొకటి. ఎందుకు దానికే జరుగుతోందో, పక్కదానికి ఎందుకు జరగడం లేదో అంతుచిక్కలేదు.

పెద్ద కంప్యూటరు ఆలస్యంగా జవాబిస్తోందేమో, ఈలోగా మన ప్రోగ్రాము తొందరపడి రెండోసారి పంపుతోందేమో అనుకుంది. ఇంకా ఎక్కువసేపు ఆగేలా మార్చింది. రెండు రోజులు బాగుంది. మూడో రోజు గాయాలకు కట్టే గాజుగుడ్డ రెట్టింపు వచ్చింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ప్రోగ్రామును మొదటి గీత నుంచి చివరిదాకా చదివితే తప్పు కనబడదు. కళ్ళు మూసుకుంటే అంతా తప్పే కనబడుతుంది.

రెట్టింపు రావడం నవ్వులాట. అసలు రాకపోవడం నవ్వులాట కాదు.

ఒక ఆస్పత్రి పెద్ద నర్సు ఫోను చేసింది. ఆపరేషనుకు ముందు ఇచ్చే మత్తుమందు ఆర్డరు పెట్టారు, రాలేదు. ఉన్నది అయిపోయింది. అత్యవసరమైనవి తప్ప మిగతా ఆపరేషన్లన్నీ ఆపేశారు. మేనేజరు లైనమ్మ వైపు చూశాడు. లైనమ్మ తన కంప్యూటరును అడిగింది. ఆర్డరు పంపాను, ఓకే వచ్చింది అంటోంది అది. అవతలబ్బాయిని అడిగింది.

"అలాంటి ఆర్డరే మాకు రాలేదు మేడమ్."

"మీరు ఓకే పంపారు కదండీ!"

"రానిదానికి ఓకే ఎలా పంపుతాం మేడమ్? మా వైపు..."

"అంతా బాగానే ఉంది, తెలుసు," అని ఫోను పెట్టేసింది. ఇది అబద్ధమాడదు, అది అబద్ధమాడదు. మరి మందు ఏది?

పక్క ఊరి గిడ్డంగిలో కొన్ని పెట్టెలు దొరికాయి. వాటిని ఆస్పత్రికి చేర్చే వ్యానులో లైనమ్మ కూడా ఎక్కింది. పెద్ద నర్సు పెట్టెలు తెరిచి సీసాలు చూసుకుంటున్నంతసేపూ లైనమ్మ పక్కనే నిలబడి, లైను గురించి, ఓకే గురించి ఏదో చెప్పబోయింది.

"అవన్నీ నాకెందుకమ్మా? వచ్చింది, చాలు," అని ఆవిడ పెట్టెలతో లోపలికి వెళ్ళిపోయింది.

వరండా బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. దర్జీ పని చేస్తుందట. కుడి చెయ్యి మణికట్టు దగ్గర కట్టు. నరం నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారాయి, చిన్న ఆపరేషనుతో పోతుందన్నారు, పిలిచి రెండుసార్లు వెనక్కి పంపారు.

"మీరు డాక్టరమ్మా?" అని అడిగింది లైనమ్మను.

"కాదండీ. మందులు పంపే ఆఫీసులో... కంప్యూటరు చూస్తాను."

"అదేనా, కంప్యూటరు మర్చిపోయిందన్నారు?"

"అది మర్చిపోదండీ."

"మరి?"

లైనమ్మ కట్టు కట్టిన ఆ చెయ్యి వైపు చూసింది. దర్జీ ఆవిడే జాలిపడి, "పోన్లెండి. ఇవాళ వచ్చింది కదా," అని పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. కాసేపు ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల బట్టలకు కుట్టు వేసేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదలాలని, పెరిగే పిల్లలకు అది పనికొస్తుందని ఆవిడ చెప్పింది. లైనమ్మ శ్రద్ధగా విన్నది. ఆ రోజు ఆమెకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే.

మేనేజరు ఆర్డర్ల పనిని మళ్ళీ పిన్నికే ఇచ్చేశాడు, తాత్కాలికంగా అన్నాడు. పిన్ని ఎగిరి గంతేస్తుందనుకుంది లైనమ్మ. ఆవిడ గంతెయ్యలేదు. "నీ మొహం ఇలా ఉంటే నాకు టైపు సాగుతుందా? రా, టీ తాగుదాం," అంది.

మెట్ల కింద టీ యంత్రం దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. దిగులు మరిపించడానికి పిన్ని ఏవేవో కబుర్లు ఎత్తింది. ఎవరింటికో కొత్త తలుపు పెట్టిన సంగతి, తన చెల్లెలి మొగుడి గురక సంగతి చెప్పాక, "పాపం ఆ అవతలబ్బాయికి కూడా ఈమధ్య నిద్ర ఉండి ఉండదులే, పసిపిల్ల ఇంట్లో," అంది.

"పసిపిల్లా?"

"కూతురు పుట్టింది కదా. ఆ మత్తుమందు గొడవ అయిందే, ఆ ఆర్డరు పెట్టిన రోజే."

లైనమ్మ ఆశ్చర్యపోయింది. దాదాపు రోజూ అతనితో మాట్లాడేది తాను. తనకు ఒక్క ముక్క చెప్పలేదు. "నీకెవరు చెప్పారు పిన్నీ? నువ్వు అతనికి ఫోను చెయ్యవు కదా?"

"ఫోనెందుకు? తెర మీద వచ్చింది. వాళ్ళు అప్పుడప్పుడు వేస్తుంటారుగా, మధ్యాహ్నం మెషీను ఆపుతాం, పని ముగించుకోండి అని. అలాగే ఇదీ వేశాడు. నేను చదివేసి, మీట నొక్కి తుడిచేసి, పని చేసుకున్నాను. ఎంత ముచ్చటగా రాశాడనుకున్నావు! 'నాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఓకే' అని."

లైనమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది.

"ఏమని రాశాడు?"

"తల్లీ బిడ్డా..."

"ఓకే," అంది లైనమ్మ. కప్పు పిన్ని చేతిలో పెట్టి రెండేసి మెట్లు ఎక్కి పైకి పరిగెత్తింది.

అవతలబ్బాయి ఫోను ఎత్తగానే, "మా వైపు..." అని మొదలుపెట్టాడు.

"పాప ఎలా ఉందండీ?" అంది లైనమ్మ.

అతను గొంతు బాగా తగ్గించి, "మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడు.

"మీరు అన్ని తెరలకూ పంపారు. అందులో ఒక తెర ముందున్నది మనిషి కాదు. నా ప్రోగ్రాము. అది మీ కబురు చదివింది."

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. సొంత కబుర్లు తెరల మీద వెయ్యకూడదన్నది వాళ్ళ నియమం. ఆస్పత్రి నుంచి కబురు వచ్చేసరికి సంతోషం పట్టలేకపోయాడు. పక్కన చెప్పుకోవడానికి మనిషి లేడు, ఉన్నవన్నీ యంత్రాలే. ఒక్కసారి వేసి, వెంటనే భయపడ్డాడు. "ఆ రోజు నుంచి ఎవరు ఫోను చేసినా గుండె జారిపోతోంది మేడమ్. మీరడిగింది మందు గురించి కాబట్టి దానికీ దీనికీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఉద్యోగం పోతుందా?"

"ఉండండి, ముందు నాకు అర్థం కానివ్వండి," అంది ఆమె.

ఇద్దరూ కలిసి ఒక్కో సంగతీ విప్పుకుంటూ పోయారు. అతని కబురు తెర మీద పరుచుకుని ఉండగా ఏ ఆర్డరు పంపినా పెద్ద కంప్యూటరు పట్టించుకోదు. ముందు ఆ కబురును తుడవాలి, పిన్ని తుడిచినట్టు, లేదా కాసేపటికి అదే పోయేదాకా ఆగాలి. ప్రోగ్రాముకు తుడవాలని తెలియదు. మత్తుమందు ఆర్డరు పంపింది, తెరంతా వెతికింది, 'తల్లీ బిడ్డా ఓకే'లోని ఓకే దొరికింది. చేరిందనుకుని హాయిగా తరవాతి పని చూసుకుంది. రెట్టింపులది ఇంకో దారి. అక్కడ పెద్ద కంప్యూటరు ఆర్డరు రాసుకుంది, ఓకే కూడా పంపింది. సరిగ్గా అప్పుడే 'మధ్యాహ్నం మెషీను ఆపుతాం' అన్న కబురు వచ్చి దాని మీద పడింది. ఓకే కనబడక, ప్రోగ్రాము మళ్ళీ మళ్ళీ ఆర్డరు పంపింది, కబురు పోయాక పంపినది రెండో ఆర్డరైంది. అందుకే చంకకర్రలు. అందుకే దూది.

"అంటే రెండు వైపులా బాగానే ఉందన్నమాట," అన్నాడు అవతలబ్బాయి తడబడుతూ.

"రెండు వైపులా బాగానే ఉంది. మధ్యలో నేనే బాగాలేను," అంది లైనమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక ఆమెకు వరండా బెంచీ, కట్టు కట్టిన చెయ్యి కళ్ళముందు మెదిలాయి. నవ్వినందుకు సిగ్గేసింది.

ఇక మేనేజరుకు సంజాయిషీ రాసివ్వాలి. అది రాయడం ప్రోగ్రాము రాయడం కంటే కష్టమైంది. పాప సంగతి రాస్తే అతని ఉద్యోగం పోవచ్చు. రాయకపోతే నిజం దాచినట్టు. మింగలేక కక్కలేక రెండు కాగితాలు చింపేసింది. మూడోదానిలో, అన్ని తెరలకూ వచ్చే ప్రకటనలను ప్రోగ్రాము గుర్తుపట్టలేదని, గుర్తుపట్టేలా రాయాల్సింది తానేనని రాసింది. చదివి చూసుకుంటే అందులో అబద్ధమేమీ లేదు. నిజం మొత్తం కూడా లేదు. ఆ రెండిటి మధ్య తాను చేసింది మంచో చెడో ఆమె తేల్చుకోలేకపోయింది.

మేనేజరు చదివి నిరాశపడ్డాడు. "అంటే హెడ్డాఫీసు వాళ్ళ తప్పేం లేదా?"

"నేను చూడాల్సిన చోట చూడలేదు సార్."

"ఎంతో కొంతైనా?"

"లేదు సార్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే, మీ లైనును బాగుచెయ్యి," అన్నాడు.

కొత్త ప్రోగ్రాము తెర మీద ఎక్కడ పడితే అక్కడ వెతకదు. ముందు వచ్చింది ప్రకటనా కాదా అని చూస్తుంది. ప్రకటనైతే తుడిచేస్తుంది. ఓకే పక్కన ఆర్డరు నంబరు ఉంటేనే నమ్ముతుంది. అనుమానమొస్తే మళ్ళీ పంపేముందు, "ఈ నంబరు మీకు చేరిందా?" అని పెద్ద కంప్యూటరునే అడుగుతుంది. ఇంత చిన్న ప్రశ్న మొదట్లోనే అడగాలని తనకెందుకు తట్టలేదో ఆమెకు ఎంతకూ అర్థం కాలేదు. అవతలబ్బాయి సాయంగా తన వైపు నుంచి రకరకాల ప్రకటనలు వేసి చూపించాడు, ఈసారి పై అధికారి అనుమతితోనే. ఏ ప్రకటన వేసినా ఆర్డరు తప్పిపోలేదు, రెట్టింపూ కాలేదు.

పిన్నిని ప్రోగ్రాముకు కాపలా ఉండమన్నారు. కొన్నాళ్ళు ఉంది. "నా పని అది చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నా వల్ల కాదమ్మా. అల్లుడొచ్చి వండుతుంటే అత్త వంటింట్లో నిలబడ్డట్టుంది," అని, తానే అడిగి కింద లారీలను పంపే విభాగానికి వెళ్ళిపోయింది. అక్కడ ఆవిడ గొంతు మెట్ల మీదికి వినబడేది. సంతోషంగా ఉన్న గొంతులాగే ఉండేది. లైనమ్మ ఒకసారి నేరుగా అడిగింది, "నిజంగా బాగుందా పిన్నీ?" అని.

"బాగుంది అంటే నమ్ముతావా?"

"నమ్ముతాను."

"అయితే బాగుంది," అని లారీ వెనక తలుపు వేయించడానికి వెళ్ళిపోయింది పిన్ని.

కొంతకాలానికి వేరే గిడ్డంగుల నుంచి మనుషులు ఈ ఏర్పాటు చూడటానికి వచ్చారు. మేనేజరు వాళ్ళను చివరి గదికి తీసుకొచ్చి, "మా లైనమ్మ చెబుతుంది," అన్నాడు. ఆమె చెప్పింది. అక్షరాల అంకెలు వేరని, తెర వేషం కట్టాలని, ప్రకటనలతో జాగ్రత్తని చెప్పింది. వింటున్నవాళ్ళలో ఒకావిడ రాసుకోవడం ఆపి, తెర వైపు వేలు చూపించింది.

"అదేమిటండీ, అలా ఆగిపోయింది?"

తెర మీద ఏమీ కదలడం లేదు. లైనమ్మకు అలవాటైన సంగతే. అప్పుడప్పుడు లైను అలా ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది, కాసేపటికి దానంతటదే సాగుతుంది. అవతలబ్బాయీ ఆమే కలిసి ఎన్నోసార్లు వెతికారు, కారణం దొరకలేదు. ఒక్క ఆర్డరు కూడా దానివల్ల తప్పిపోలేదు.

"ఎందుకు ఆగుతుందో మాకు తెలియదండీ," అంది లైనమ్మ.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అడిగిన ఆవిడ మాత్రం ఆ మాటను కూడా రాసుకుంది. ఈలోగా తెర కదిలింది.